అడిగితే కాదంటాను

నవంబరు 10, సోమవారం

వచ్చిపడ్డాం. కొండ మీది మా షలాపాలో బస్సెక్కేటప్పుడు పొగమంచు, స్వెట్టరు. వెరాక్రూజ్‌లో దిగేసరికి వీపంతా చెమట. స్వెట్టరు విప్పి సంచి అడుగున కుక్కాను, వారం దాకా దాని మొహం చూడను.

అబుందియోని పక్కన పెట్టుకుని బస్సు ప్రయాణం చెయ్యడం శత్రువుకి కూడా వద్దు. ఇదే దారిలో ముప్ఫై ఏళ్ళు బస్సు తోలి రిటైరైన మనిషి. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు నేలకేసి నొక్కుతాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. "చూశారా ఎల్వీరా గారూ, గేరు ముందే మార్చేశాడు. కుర్రాళ్ళకి ఇంజను గోడు వినపడదు" అంటాడు. దిగేటప్పుడు డ్రైవరు భుజం తట్టి "బాగా నడిపావు నాయనా" అన్నాడు. దారంతా తిట్టిన తిట్లేమయ్యాయో మరి.

హోటలు సముద్రానికి ఎదురుగానే. రెండు మంచాల గది కావాలని ఫోనులో నేనే గట్టిగా చెప్పాను. రిసెప్షన్‌లో ఉన్న పిల్ల తాళం ఇస్తూ, "రెండు మంచాలే ఉన్నాయమ్మా, కలిపి వెయ్యమంటారా?" అంది. అక్కర్లేదన్నాను. అబుందియో ఆ కాసేపూ సీలింగు ఫ్యానుని శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన స్నానానికి వెళ్ళాడు, నేను బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను.

బయల్దేరే ముందు మా రెబేకా సంచి సర్దుతూ అంది: "అమ్మా, అరవై ఆరేళ్ళ మనిషి సముద్రం కనిపించే గది ఊరికే తియ్యడు. అడుగుతాడు చూడు. నువ్వు మాత్రం ఒప్పుకోకు."

"అడిగితే కాదంటాను" అన్నాను.

కన్నకూతురు నమ్మలేదు. అందుకే నా సెలూన్ మూసేశాక అద్దం ముందు నిలబడి సాధన చేశాను కూడా. "అబుందియో, మీరు మంచివారు. కానీ కాదు." మొహం మీద కోపం ఉండకూడదు, జాలి ఉండకూడదు. బాగానే కుదిరింది.

మా ఆయన రూపెర్తో చెడ్డవాడు కాదు. ఆయన సమాధి దగ్గరైనా ఇదే చెప్తాను. కానీ ఆయన బతికున్నన్నాళ్ళూ నేను వేడివేడిగా ఒక ముద్ద తిని ఎరగను. ఆయన బల్ల ముందు కూర్చునేవాడు, నేను పెనం దగ్గర నిలబడి తోర్తియా రొట్టెలు ఒక్కొక్కటీ కాల్చి అందించేదాన్ని. చివరి రొట్టె నా చేతికి వచ్చేసరికి నా పులుసు చల్లారి పైన కొవ్వు పేరుకునేది. మా అమ్మా అంతే, మా అత్తా అంతే. నన్ను ఎవరూ కొట్టి నిలబెట్టలేదు, అదే వింత. ఇప్పుడు తొమ్మిదేళ్ళుగా కూర్చుని తింటున్నాను. ఎదురు కుర్చీలో కాళ్ళు పెట్టుకుని, రేడియో వింటూ. మంచానికి అడ్డంగా పడుకుంటున్నాను. ఈ సుఖాన్ని మళ్ళీ తీసుకెళ్ళి ఎవరి చేతిలోనూ పొయ్యను.

ఒక్కటే బెంగ, గురువారాలు. గురువారం సాయంత్రాలు పార్కులో అబుందియో దన్సోన్ నాట్యం నేర్పుతాడు, ఆయన జోడీని నేను. కాదనిపించుకున్న మగవాడు మళ్ళీ చెయ్యి పట్టుకుని నాట్యం చేస్తాడా? నాకు గురువారాలు కావాలి, పెళ్ళి వద్దు. ఇదేమీ అత్యాశ కాదు.

ఆయన బాత్రూములో పాడుతున్నాడు. గొంతు బాగాలేదు.

నవంబరు 11, మంగళవారం

పొద్దున్నే కాఫీ. పొడుగాటి గాజుగ్లాసు అడుగున నల్లటి డికాషన్ పోసి వెళ్ళిపోతారు. పాలు కావాలంటే చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టాలి, అప్పుడు కెటిల్ పట్టుకున్నవాడు వచ్చి తలెత్తు నుంచి ధారగా పోస్తాడు. ఎన్నిసార్లు వచ్చినా నాకు ఇది మింగుడుపడదు. మనిషిని చెంచాతో పిలుస్తారా ఎక్కడైనా?

"పిలవకపోతే చేదుగా తాగండి" అన్నాడు అబుందియో. ఈ ఊళ్ళో పుట్టాడు కదా, ఇక్కడికొస్తే పొగరు పెరుగుతుంది.

మెల్లగా కొట్టాను. పక్కబల్ల దగ్గర పేపరు చదువుతున్న ముసలాయన, "అది కోడిగుడ్డు కాదు తల్లీ, గాజే, పగలదు" అని తన చెంచాతో నా గ్లాసు మోగించాడు. పాలొచ్చాయి. బీన్స్ ముద్ద కూరిన గోర్దాలు వచ్చాయి, నూనెలో పొంగి, మన బుగ్గలు ఊదినట్టు. మూడు తిన్నాను. కూర్చునే.

తర్వాత సముద్రం వెంబడి నడక. ఐస్‌క్రీమ్ దుకాణాల వాళ్ళు రోడ్డు మీదకొచ్చి "తెల్లమ్మా, తెల్లమ్మా, ఇటు రా" అని అరుస్తారు. నేను చూస్తే చింతపండు రంగు.

"ఎవర్ని వాడు పిలిచేది?" అన్నట్టు చుట్టూ చూశాను.

"మిమ్మల్నే. ఈ ఊళ్ళో పర్సు తియ్యబోయే ఆడవాళ్ళందరూ తెల్లమ్మలే" అన్నాడు అబుందియో. ఆయన్నేమో "తెల్లదొరా" అన్నారు, ఆ బట్టతల చూసి అయి ఉంటుంది. మామిడి ఐస్‌క్రీమ్ ఆయనకి, కొబ్బరిది నాకు, మధ్యలో మార్చుకున్నాం.

చెరొక పీత పఫ్ కొనుక్కుని, ఓడలు కనిపించే చోట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన గొంతు సవరించుకున్నాడు. చొక్కా గుండీ తడుముకున్నాడు. "ఎల్వీరా గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలని పొద్దుట్నుంచీ..." అన్నాడు.

వచ్చింది గడియ అనుకున్నాను. వీపు నిటారుగా పెట్టాను. కోపం వద్దు, జాలి వద్దు. "అడగండి" అన్నాను.

"ఆ పీత పఫ్‌లో సగం ఇస్తారా? నాది అయిపోయింది."

మొత్తం ఇచ్చేశాను.

నవంబరు 12, బుధవారం

బజారు రోజు. ఆయనకి తెల్ల గుయాబెరా చొక్కా కావాలట, నాలుగు జేబులూ ముందు కుట్టిన మడతలూ ఉన్నది. పాతది కాలరు దగ్గర చిరిగింది. దుకాణం నడిపే ఆవిడది పెద్ద గొంతు, మెడలో కొలత టేపు. నన్ను చూసి, "మీ ఆయనకి బూడిదరంగు కూడా నప్పుతుందమ్మా" అంది.

"మా ఆయన కాదు" అన్నాను.

"మరి ఎవరి ఆయనో చెప్పమ్మా, కొలతలు ఆవిడనే అడుగుతా."

దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. అబుందియో అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆవిడ టేపు విప్పేలోపే మెడ కొలత నా నోట్లోంచి ఊడిపడింది. సరిగ్గా సరిపోయింది. ఆవిడ టేపు మళ్ళీ మెడలో వేసుకుని నన్నే చూసింది. జుట్టు కత్తిరించేదాన్ని, మెడలు నాకు తెలుస్తాయి. ఆ మాట అక్కడే చెప్పాల్సింది. బయటికొచ్చాక గుర్తొచ్చింది.

తెల్ల చొక్కాలో మనిషి బాగున్నాడు. ఉన్నమాటే రాస్తున్నాను.

ఓడరేవు దగ్గర వరస దుకాణాల్లో సాయంత్రం దాకా తిరిగాం. నాకు విసనకర్ర కొన్నాడు, ఎర్రపూలది. తన కోసం కాఫీపొడి కొన్నాడు. షలాపా చుట్టూ ఉన్నవన్నీ కాఫీ తోటలే, మా వీధి చివర తోట ఉంది, ఈ పెద్దమనిషి సముద్రం ఒడ్డున కాఫీపొడి కొంటాడు. "సెలవుల్లో కొన్న కాఫీ రుచే వేరు" అంటాడు. రెబేకాకి గవ్వల గొలుసు కూడా తీసుకున్నాడు. కూతుర్ని మంచి చేసుకుంటున్నాడంటే ఇంక రేపే. ఎత్తు తెలిసిపోయింది.

పుచ్చకాయ ముక్కల మీద కారం చల్లించుకుని తింటూ నడిచాం. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. గింజ అడ్డం పడిందట.

ఇవాళ కూడా అడగలేదు.

నవంబరు 13, గురువారం

బోకా దెల్ రియోకి వెళ్ళాం, నది సముద్రంలో కలిసేచోట భోజనానికి. నీళ్ళ మీదకి కట్టిన పందిరి, ప్లాస్టిక్ బల్లలు, వీణలాంటి హార్ప్ మీద ఒకాయన పాటలు. మట్టిమూకుట్లో అన్నం వచ్చింది, రొయ్యలూ పీతలూ చేపముక్కలూ వేసి పులుసులాగా జారుగా వండింది. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. నిమ్మకాయ పిండుకున్నాం. ఆయన పీతకాలు పగలగొడుతున్నాడు. నేనేదో చెప్తున్నాను, మా సెలూన్‌కి వచ్చే జడ్జిగారి భార్య కథ. ఇంతలో సర్వర్ కుర్రవాడు నా పక్కకొచ్చి, "ఏమైనా కావాలా అమ్మా?" అన్నాడు.

"ఏం అక్కర్లేదు" అన్నాను.

"మరి... కూర్చోండి" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో దేవుడికెరుక. గుడ్డ కప్పిన రొట్టెల బుట్ట నా చంకలో ఉంది, వేడిది ఏరి తీసి అబుందియో ప్లేటు పక్కన పెడుతున్నాను, ఇది మొదటిది కూడా కాదు. ఆయన తలైనా ఎత్తకుండా అందుకుని తింటున్నాడు. నా అన్నం నా కుర్చీ ముందు చల్లారిపోతోంది.

కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, నా మీదా, ఆ బుట్ట మీదా. ఎవరూ అడగలేదు, ఎవరూ పిలవలేదు, కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఇంకా పెళ్ళి కాలేదు, అప్పుడే లేచాయి. ఇంక ఆగలేకపోయాను.

"అబుందియో, మీరు నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగితే నేను కాదంటాను. ముందే చెప్తున్నాను" అన్నాను. హార్ప్ ఆయన సరిగ్గా అప్పుడే పాట ఆపాడు. పక్క రెండు బల్లలూ విన్నాయి.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన ప్లేటులోంచి ఒక రొయ్య తీసి నోట్లో వేసుకున్నాను. అబుందియో పీతకాలు పట్టుకుని నా వైపు చూశాడు. నేను రొయ్య నమిలే దాకా చూశాడు. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చి వదిలాడు. "దేవుడి దయ" అన్నాడు.

దేవుడి దయ, అన్నాడు. అని, సర్వర్ని పిలిచి వెల్లుల్లి వేసిన రొయ్యలు ఇంకో ప్లేటు చెప్పాడు. బీరు చెప్పాడు. హార్ప్ ఆయనకి డబ్బులిచ్చి ఉల్లాసంగా ఉండే పాట వాయించమన్నాడు.

సరే, మంచిదే. ఇన్నాళ్ళూ గుండెల మీద పెట్టుకున్న బండ దిగిపోయింది. గురువారాలు గురువారాల్లాగే ఉంటాయి, నా ఇల్లు నా ఇల్లులాగే ఉంటుంది. చాలా సంతోషంగా ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంతోషంగా బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన ఏదో అడిగితే సంతోషంగానే "ఊఁ" అన్నాను.

గురువారం సాయంత్రం

నాట్యానికి వెళ్దామా అన్నాడు. ఇవాళ ఊరి మధ్య చౌకులో బ్యాండు ఉందట. కాళ్ళు నొప్పులన్నాను.

కాళ్ళు బాగానే ఉన్నాయి. సంతోషంగానే ఉంది.

నవంబరు 14, శుక్రవారం

ఉత్తరపు గాలి వచ్చింది. నోర్తె. ఈ ఊళ్ళో అది మొదలైతే సముద్రం రోడ్డెక్కుతుంది, ఇసుక పళ్ళ మధ్య కరకరలాడుతుంది. కిటికీలు బిగించుకుని గదిలో కూర్చున్నాం. అంటే నేను కూర్చున్నాను. ఆయన కింద హాల్లో హోటలు వాచ్‌మన్‌తో డామినోలు ఆడుతున్నాడు. బిళ్ళలు బల్లకేసి కొట్టే చప్పుడు పైదాకా వినిపిస్తోంది. ఈల కూడా వేస్తున్నాడు. గండం గడిచి పిండం బయటపడిన మనిషి ఈలలు వెయ్యక ఏం చేస్తాడు?

నేను అందగత్తెని కాను, ఒప్పుకుంటాను. కానీ అంత దయా? దేవుడికి దండాలు పెట్టుకునేంత దయా? అరవై రెండేళ్ళ ఆడది, సొంత సెలూన్ ఉంది, పళ్ళన్నీ ఉన్నాయి, దన్సోన్‌లో ఎవరి పాదం తొక్కదు. ఒకసారి అడిగితే నోరు అరిగిపోతుందా? అడిగితే కాదనేదాన్ని. చక్కగా అనేదాన్ని. సాధన అంతా వృథా.

రెబేకా ఫోన్ చేసింది. "అడిగాడా?"

"అడక్కముందే నేనే కాదని చెప్పేశాను."

"హమ్మయ్య, దేవుడి దయ" అంది.

అదే మాట. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు. "ఊఁ" అన్నాను.

"అమ్మా, గొంతేమిటి అలా ఉంది?"

"గాలి. ఇసుక."

"నువ్వు గదిలో ఉన్నావు కదా."

"కిటికీ సందులోంచి వస్తోందే."

రెబేకా ఇసుక సంగతి వదిలేసి, "అమ్మా, నేను వద్దన్నానని వద్దనకు. నువ్వు మళ్ళీ నిలబడి చాకిరీ చేస్తావేమోనని నా భయం, అంతేగానీ ఆ బస్సాయన మీద నాకేం కోపం లేదు" అంది. నీ వద్దుతో నాకేం పని, నా వద్దు నాది అన్నాను. పెట్టేశాను.

మధ్యాహ్నం ఆయన గాల్లో వీధి చివరిదాకా వెళ్ళి వేడి చేపపులుసు తెచ్చాడు. జుట్టు లేదు కాబట్టి సరిపోయింది, కనుబొమల నిండా ఇసుక. గిన్నె నా ముందు పెట్టి, మూత తీసి, చెంచా ఇచ్చి, "వేడిగా ఉన్నప్పుడే తాగండి, నేను ఆటలో గెలుస్తున్నాను" అని మళ్ళీ కిందికి పోయాడు. పులుసు చాలా బాగుంది. కోపంగా తాగాను.

ఎందుకు దేవుడి దయ అన్నారని అడగొచ్చు. అడగను. నేనెందుకు అడగాలి?

శుక్రవారం, చీకటి పడ్డాక

అడగను.

నవంబరు 15, శనివారం

గాలి పడిపోయింది. ఊరంతా చీపుళ్ళు పట్టుకుని ఇసుక ఊడుస్తోంది. జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పొద్దున్న చేపల బజారు, మధ్యాహ్నం కునుకు. సాయంత్రం ఆయన కొత్త తెల్లచొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. "కాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు. ఉన్నాయన్నాను. చౌకుకి నడిచాం.

ఎత్తయిన అరుగు మీద బ్యాండు, కింద ముసలి జంటలు. ఆడవాళ్ళందరి చేతుల్లో విసనకర్రలు, మగవాళ్ళంతా తెల్లచొక్కాల్లో. దన్సోన్‌లో ముఖ్యమైంది అడుగు కాదు, ఆగడం. పాటలో ఒక పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. అది మొదలవగానే అందరూ ఆగిపోయి, బ్యాండు వైపు తిరిగి, పక్కపక్కన నిలబడాలి. ఆడవాళ్ళు విసురుకుంటారు, మగవాళ్ళు చెమట తుడుచుకుంటారు, ఒకటి రెండు మాటలు చెప్పుకుంటారు. పల్లవి అయ్యాకే మళ్ళీ చెయ్యి కలపాలి. పల్లవిలో కాలు కదిపినవాడు ఈ ఊరి లెక్కలో మనిషే కాదు. షలాపా పార్కులో మాలో ఎవరైనా కదిలితే అబుందియో ఎర్రబడిపోతాడు. "కొండమీది జనమా, ఆగడం నేర్చుకోండి ముందు" అని అరుస్తాడు. అంత నిష్ఠ ఆయనకి.

మొదటి పాట నేను గట్టిపడిపోయిన చేత్తో చేశాను.  రెండో పాటలో పల్లవి వచ్చింది. ఆగాం. బ్యాండు వైపు తిరిగాం. నేను విసురుకున్నాను. ఆయన రుమాలు తీశాడు. నిలబడి ఉన్నాం, పక్కపక్కన, ఆ మనిషి సబ్బు వాసన తెలుస్తోంది. రెండు రోజులుగా మింగుతున్నది ఇంక మింగలేకపోయాను.

"దేవుడి దయ ఏమిటి?" అన్నాను, బ్యాండునే చూస్తూ.

"ఏమిటి?"

"నేను కాదంటానంటే దేవుడి దయ అన్నారు. నేనంటే అంత గండమా?"

ఆయన రుమాలు మడతపెట్టాడు, విప్పాడు. "ఎల్వీరా గారూ, మా చెల్లెలు అడుగు అంటుంది, పార్కులో అందరూ అడుగు అంటారు. సముద్రం దగ్గర గది తీసి అడక్కపోతే మగతనం కాదంటారు. అడిగితే మీరు కాదంటారని నాకు తెలుసు. కాదన్నాక గురువారాలకి రారు. దానికే నాకు వణుకు. ఆ రోజు మీరు కాదన్నారు. అని, నా ప్లేటులో చెయ్యి పెట్టి రొయ్య తిన్నారు. కాదని కూడా నా ప్లేటులో తింటోంది, ఇంక ఎక్కడికీ పోదు అనుకున్నాను. అందుకు అన్నాను."

నేను విసరడం ఆపేశాను. ఈ మనిషి భయం నా భయమే. వారంనుంచీ ఒకే ముల్లు ఇద్దరం చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ వద్దనుకున్నాను.

"నేను పెనం దగ్గర నిలబడను" అన్నాను.

"వద్దు."

"వద్దంటే సరిపోదు. నా కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. మొన్న చూడలేదా? మీరు చూడరు. చూడాలి. నేను లేస్తే కూర్చోమనాలి. రొట్టె అందుకుని తినెయ్యకూడదు."

"అందుకున్నానా?"

"అందుకున్నారు. నాలుగు."

ఆయన మొహం పాలిపోయింది. నిజంగానే చూడలేదు పాపం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగకుండానే పెట్టేవాళ్ళుంటే ఈ మగాళ్ళకి కళ్ళెందుకు కనిపిస్తాయి?

"అబుందియో" అన్నాను. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఎవరు అన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూడబోయాను. నా నోరే. సాధన చేసిన మాట ఒకటి, వచ్చిన మాట ఒకటి.

అబుందియో నా వైపు చూశాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి నడుము మీద వేశాడు. నాట్యం మొదలెట్టాడు.

పల్లవిలో. ఊరంతా నిలబడి ఉండగా. బ్యాండు ముందు అన్ని జంటలూ గోడకి కొట్టిన మేకుల్లా నిలబడి ఉంటే, మధ్యలో మేమిద్దరం, కొత్త తెల్లచొక్కా, ఎర్ర విసనకర్ర, గుండ్రంగా తిరుగుతున్నాం. "అబుందియో, పల్లవి" అన్నాను. వినపడలేదు. బ్యాండులో బాకా ఊదేవాడి కళ్ళు పెద్దవయ్యాయి. పక్కన నీలం గౌను వేసుకున్న ముసలావిడ విసనకర్ర మూసి ఆయన భుజం మీద పొడిచింది.

"ఏం బాబూ, ఏ కొండ దిగొచ్చారు మీరు? ఇక్కడ ఇప్పుడు ఆగుతారు."

ఆ చౌకుకి మూడు వీధుల అవతల పుట్టిన మనిషిని పట్టుకుని. ఆయన ఆగాడు. చుట్టూ చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "అమ్మా, నేను ఈ ఊరివాణ్ణే" అన్నాడు.

"అలా అయితే మరీ సిగ్గుచేటు" అంది ముసలావిడ. ఆవిడ పక్కనున్నాయన నవ్వాడు, అటు పక్క జంట నవ్వింది, నేను నవ్వీ నవ్వీ ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను. కొత్త చొక్కా మీద నా లిప్‌స్టిక్ అంటింది.

పల్లవి అయింది. అందరూ కదిలారు. మేమూ కదిలాం, ఈసారి సరైన చోట. పాట పూర్తయ్యేదాకా ఆయన ఒక్కో అడుగూ లెక్కపెట్టి వేశాడు. ఆఖరి దెబ్బ పడ్డాక మామూలుగా చప్పట్లు కొట్టి, అప్పుడు నా చెవి దగ్గర, "చేసుకుంటాను" అన్నాడు.

"నేను ఆలోచించి చెప్తాను" అన్నాను.

"అడిగింది నువ్వు" అన్నాడు. ఇన్నాళ్ళలో నన్ను నువ్వు అనడం ఇదే మొదలు.

"అడిగితే ఏం? అడిగినవాళ్ళు ఆలోచించకూడదా?"

ఇంకో మూడు పాటలు నాట్యం చేశాం. కాళ్ళు నొప్పులు, ఈసారి నిజంగా.

నవంబరు 16, ఆదివారం

తిరుగు ప్రయాణం. బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. "వాడు బ్రేకు అలా తొక్కితే రాతేం కుదురుతుంది" అంటున్నాడు అబుందియో.

పొద్దున కాఫీ దగ్గర సరేనన్నాను. ఆలోచించింది నిద్రపోయే ముందు పావుగంట. మిగతాదంతా నిద్రే.

ఎవరింట్లో అన్నది గొడవ. ఆయన ఇల్లు పెద్దది, వెనక పెరడు ఉంది. నా ఇంటి ముందుగది సెలూన్. నేను కదలనన్నాను. ఆయన కిటికీలోంచి అరటితోటలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు, తర్వాత, "సరే, నేనే ఇల్లరికం వస్తాను. ఈ వయసులో కొత్తకోడల్లాగా సంచి పట్టుకుని గడప దాటాలి నా రాత" అన్నాడు.

"కుడికాలు ముందు పెట్టండి" అన్నాను. ముందు సీటులో ఒకావిడ నవ్వు ఆపుకుంది. ఈ దేశంలో చెవులు కోసుకునే జనం ఎక్కువ.

షరతులు చెప్పాను. రెండు మంచాలు. గురక ఆయనది, కాబట్టి కిటికీ వైపు ఆయన. ఆయన చొక్కాలు ఆయనే ఉతుక్కోవాలి, ఉతకడం రాకపోతే నేర్పుతాను, ఉతకను. బల్ల దగ్గర నేను కూర్చున్నాకే ఎవరైనా తినాలి. అన్నిటికీ తలూపాడు. తనకీ ఒక షరతు ఉందన్నాడు. పల్లవిలో నాట్యం చేసిన సంగతి షలాపా పార్కులో ఎవరికీ చెప్పకూడదట. అది మాత్రం మాట ఇవ్వలేనన్నాను.

రెబేకాకి ఫోన్ చేశాను. "ఆయన అడగలేదు" అన్నాను. "మంచిదే కదా" అంది. "నేను అడిగాను" అన్నాను.  "ఆయన ఏమన్నాడు?" అంది, చిన్నపిల్ల గొంతుతో. చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, గవ్వల గొలుసు ఏ రంగు అని అడిగింది.

కొండ ఎక్కుతున్నాం. చెవులు మూసుకుపోయాయి, పొగమంచు మొదలైంది. అబుందియో కుడికాలు నేలకి నొక్కుతూ నొక్కుతూ నా భుజం మీద నిద్రపోయాడు. నోరు తెరుచుకుని. బరువుగానే ఉన్నాడు.

నేను భయపడటం లేదని రాస్తే అబద్ధం. కాళ్ళు మళ్ళీ లేస్తాయేమోనని భయంగానే ఉంది. లేచినప్పుడు మాత్రం కూర్చోమని అనేవాళ్ళు ఒకరుంటారు, ఆయన మర్చిపోతే నేనైనా అనుకోవాలి.

ఇంకో చిక్కు ఇప్పుడే తట్టింది. రూపెర్తో పోయినప్పట్నుంచీ ఈ పుస్తకం వంటింటి బల్ల మీద తెరిచే పడి ఉంటోంది, చదివేవాళ్ళు ఎవరూ లేక. ఇంటికెళ్ళగానే దీన్ని ఎక్కడ దాచాలో చూడాలి.